పద్మ ఓటున్న ఊరు

మా పక్కింటి పద్మకు ఈ భూమ్మీద ఒకే ఒక్క ఊళ్లో ఓటుంది. ఆ ఊళ్లో మనుషులకన్నా రెయిన్‌డీర్లు ఎక్కువ. ఈ ముక్క చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు. నా చిన్నప్పుడు మా ఊరి పోలింగు బూతుకు ఒక ఏనుగు వచ్చి, తొండం చివర సిరా చుక్క పెట్టించుకుని, వేలిముద్ర దగ్గర పేచీపడి వెళ్లిపోయిందని వాళ్లకు చెప్పినవాణ్ని నేనే. పద్మ సంగతిలో మాత్రం నేను కలిపిందేమీ లేదు. కలుపుదామన్నా చోటు దొరకలేదు.

పద్మది తెనాలి. పెళ్లయిన కొన్నాళ్లకు భర్త శ్రీధర్‌తో ఫిన్లాండు వెళ్లింది. అతనికి అక్కడ సెల్‌ఫోన్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు పట్నంలో, ఇల్లు అక్కడికి గంట దూరాన హిల్లయార్వి అనే చిన్న ఊళ్లో. ఒక సరస్సు, ఒక చర్చి, ఒక కిరాణా దుకాణం, ఒక వృద్ధుల ఇల్లు. మిగతాదంతా అడవి. శీతకాలంలో సూర్యుడు మధ్యాహ్నం వేళ ఇలా తొంగిచూసి, చలికి జడిసి వెనక్కి పోతాడట. ఆ వృద్ధుల ఇంట్లో పద్మకు పని దొరికింది. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, మందులివ్వడం. అలా తొమ్మిది శీతకాలాలు చేసింది. తరువాత శ్రీధర్ కంపెనీని రెడ్‌మండ్‌లోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది. కుటుంబమంతా మూటాముల్లే సర్దుకుని ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్ పక్కనే ఉన్న బాతెల్‌లో దిగింది. ఇప్పుడు పద్మ ఒక మందుల పరిశోధనశాలలో గాజు సామాను శుభ్రంచేసి, సూక్ష్మజీవులకు మేత కలుపుతుంది.

"అక్కడ ముసలాళ్లకి గంజి, ఇక్కడ వీటికి గంజి. నా చేతికి ఇంకో పని రాదు బాబాయిగారూ" అంటుంది.

శ్రీధర్ ఇండియా పాస్‌పోర్టు వదల్లేదు. పద్మ వదిలి ఫిన్లాండు పౌరసత్వం తీసుకుంది. "ఏం చూసి తీసుకున్నావమ్మా?" అని ఒకసారి అడిగాను. "ముసలాళ్లు అడిగారండీ. నువ్వు మాలో మనిషివేగా, ఇంకా కాగితం ఎందుకు తీసుకోలేదని. వాళ్లకేం చెప్పాలో తెలీక తీసేసుకున్నాను" అంది. అలా తీసుకున్న నాలుగు నెలలకే అమెరికా ప్రయాణం వచ్చిపడింది.

ఇక్కడ పద్మకు ఉన్నది గ్రీన్‌కార్డు. దాంతో పన్ను కట్టవచ్చు, ఓటు వేయకూడదు. ఇండియాలో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి బూతుకు వెళ్లింది. అప్పటికే ఆమె ఓటు ఎవరో వేసేశారు. తలుపు దగ్గర కూర్చున్న ఏజెంటు ఓదార్చాడట కూడా: "మీరు వేసేవాళ్లకే వేసుంటార్లేమ్మా, దిగులుపడకండి." ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చానని పద్మ ఇప్పటికీ సిగ్గుపడుతూ చెబుతుంది. అలా యాభై దాటినా ఆమె చేత్తో ఒక్క ఓటు పడలేదు.

ఫిన్లాండు వాళ్ల పద్ధతి వేరు. దేశం విడిచి వెళ్లిన పౌరుడి ఓటు, అతను చివరిసారి కాపురమున్న ఊళ్లోనే ఉండిపోతుంది. మనిషి అడవులు దాటినా, సముద్రాలు దాటినా ఓటు మాత్రం అక్కడే గూట్లో పెట్టి ఉంచినట్టు ఉంటుంది. ఈమధ్య తపాలాలో కూడా వేయనిస్తున్నారు. మొన్న జరిగింది యూరప్ పార్లమెంటు ఎన్నిక. ఇరవై ఏడు దేశాలు కలిసి ఒకే సభను ఎన్నుకుంటాయి. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా మాచేత యూరప్ పటానికి రంగులు వేయించేది. ఒక దేశం రంగు పక్కదేశంలోకి కారితే వేళ్లమీద స్కేలు పడేది. గీత దాటినందుకు అన్ని దెబ్బలు తిన్న నాకు, ఆ రంగులన్నీ కలిసి ఒకే సభకు ఓటేస్తాయంటే నిజంగానే ఒళ్లు జలదరించింది.

కానీ పద్మ ఆ ఓటు వేయాలనుకున్నది సభ కోసం కాదు, రోసా కోసం.

రోసాది ఫిలిప్పీన్స్. హిల్లయార్వి వృద్ధుల ఇంట్లో పద్మతోపాటే పనిచేసింది. ఊరు మొత్తానికి పైదేశం ఆడవాళ్లు వాళ్లిద్దరే. మొదటి మూడు చలికాలాలు పద్మ ఇడ్లీపిండి పొంగలేదు. రాయిలా ఉండేది. చివరికి రోసా ఉపాయం చెప్పింది. ఆ దేశంలో ప్రతి ఇంటికీ సౌనా అని ఆవిరిస్నానాల గది ఉంటుంది. వృద్ధుల ఇంట్లో శనివారం అందరి స్నానాలూ అయ్యాక, చల్లారుతున్న ఆ గదిలో చెక్క బెంచీ మీద పిండిగిన్నె పెట్టారు. యూహాని అని, ఒకప్పుడు అడవిలో చెట్లు నరికిన ముసలాయన, వెచ్చదనం వదల్లేక ఆ గదిలోనే కూర్చుండిపోయేవాడు. రెండు గంటలకు మూత దానంతట అదే లేచింది. ఆయన తువ్వాలు కూడా మరిచిపోయి బయటికి పరిగెత్తి, లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారని కేకలు పెట్టాడట. తరువాత ప్రతి శనివారం ఆ గిన్నెకు ఆయనే కాపలా. పొంగిందో లేదో ఊరంతా ఫోన్లు చేసి కనుక్కునేది.

పద్మ ఇటు వచ్చేసిన తరువాత రోసా ఫిన్లాండు దక్షిణాన ఒక రేవుపట్నానికి మారింది. నర్సుల సంఘంలో పేరు తెచ్చుకుంది. ఈసారి యూరప్ ఎన్నికలో అభ్యర్థిగా నిలబడింది. గెలవదని రోసాకూ తెలుసు. నర్సుల మాట నలుగురి చెవినా పడితే చాలునని ఆమె ఆశ. అయితే ఒకరోజు సంతలో కరపత్రాలు పంచుతుంటే ఒకాయన నిలబెట్టి అడిగాడట: "ఉత్తరాదిన ఏదో ఊళ్లో తొమ్మిదేళ్లు ముసలాళ్లకు సేవచేశానని రాసుకున్నావే, ఆ ఊళ్లో నీకు ఒక్క ఓటు పడుతుందా? అక్కడ నీ పేరన్నా ఎవరికైనా గుర్తుందా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ సంగతి చెప్పడానికి రోసా ఫోన్ చేసినప్పుడు నేను పద్మ వంటింట్లోనే ఉన్నాను. తెనాలి మనిషి నోట ఫిన్లాండు భాష వినడం అదే మొదలు. ఇంచుమించు ప్రతి మాటా మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తుంది. కళ్లు మూసుకుంటే ఎవరో మనవాళ్లే మనకు తెలియని సంగతి మాట్లాడుకుంటున్నట్టుంది. ఫోన్ పెట్టేశాక పద్మ నాకు తెలుగులో చెప్పింది.

"గెలుపోటములు ఎలా ఉన్నా పర్లేదందండీ. ఫలితాలు ఊరూరా విడదీసి పెడతారు కదా, అందులో హిల్లయార్వి వరస ఒక్కటే చూస్తుందంట. అక్కడ సున్నా ఉంటే, తొమ్మిదేళ్లు ఆ ఊళ్లో తను లేనట్టేనంట."

"నువ్వేమన్నావు?"

"సున్నా ఉండదన్నాను. నాది ఉంటుందన్నాను."

మే నెలలో ఫిన్లాండు నుంచి తపాలా ఓటు సామగ్రి వచ్చింది. ఓటు కాగితం, దాన్ని పెట్టే చిన్న కవరు, సంతకాల కాగితం, పెద్ద కవరు. ఇద్దరు సాక్షులుండాలి. ఓటు రహస్యంగానే వేసిందని సంతకం పెట్టాలి. సొంత కుటుంబంవాళ్లు పనికిరారు. అందుచేత నేనూ, ఎదురింటి ఉషా సాక్షులం. ఉష ముహూర్తం చూడకుండా కారు టైరులో గాలి కూడా కొట్టించదు.

"రాహుకాలం దాటాక పెట్టుకుందాం పద్మా" అంది రాగానే.

"ఏ రాహుకాలం ఉషగారూ, బాతెల్‌దా, ఫిన్లాండ్‌దా?" అన్నాడు శ్రీధర్.

"మీరు సాక్షి కారుగా, మీరు మాట్లాడకూడదు."

"నా ఇంట్లో నేనూ?"

"రూల్ అంటే రూలే నాన్నా" అంది మైత్రి. పద్మ కూతురు. పదిహేడేళ్లది, ఓటుకింకా ఏడాది తక్కువ. "తాతా, ఉషా ఆంటీ, టర్న్ అరౌండ్. మీరు చూడకూడదు, ఓకే? బట్ మీరు ఇక్కడే ఉండాలి."

నేనూ ఉషా ఫ్రిజ్ వైపు తిరిగి నిలబడ్డాం. బడిలో గోడకేసి నిలబెట్టిన తరువాత ఇంత క్రమశిక్షణగా నేనెప్పుడూ నిలబడలేదు. వెనక వంటసామాను గది తలుపు మూసిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఏదో డబ్బా మూత తీసి పెట్టిన చప్పుడు. పద్మ బయటికి వచ్చేసరికి ఓటు చిన్న కవరులో ఉంది, కవరు అంటించి ఉంది. ఆమె ముఖం చూస్తే, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి చప్పుడు చేయకుండా వచ్చిన తల్లిలా ఉంది. మేం సంతకాలు పెట్టాం. మైత్రి వాళ్లమ్మను కారులో పోస్టాఫీసుకు తీసుకెళ్లి, పెద్ద కవరు పంపించి తీసుకొచ్చింది.

తిరిగొచ్చాక కాఫీలు తాగుతుంటే ఉష అంది: "అమ్మయ్య. మొదటి ఓటు, మంచిరోజు. పసుపన్నా పెట్టావా పద్మా?"

"పెట్టకుండా ఎలా ఉంటానండీ? నాలుగు మూలలా పెట్టాను."

శ్రీధర్ కప్పు కిందపెట్టాడు. "కవరుకా?"

"కవరుకెందుకండీ, పోస్టువాళ్ల చేతుల్లో పడేదానికి? లోపలి కాగితానికే."

"వెయిట్. అమ్మా. బ్యాలెట్ మీదా?" మైత్రి ఫోన్ తీసింది. నియమాలు చదివింది. చదువుతున్నకొద్దీ గొంతు తగ్గింది. "క్యాండిడేట్ నంబర్ తప్ప ఇంకేదైనా మార్క్ ఉంటే… ఇన్‌వాలిడ్ అంట అమ్మా."

"పెళ్లి శుభలేఖ అనుకున్నావటే?" అన్నాడు శ్రీధర్. నవ్వబోయి, పద్మ ముఖం చూసి మానేశాడు.

"అనుకోలేదండీ. ఏమీ అనుకోలేదు. కొత్త పుస్తకమైనా కొత్త చీరైనా మా ఇంట్లో అదే అలవాటు. నంబరు రాశాను, పక్కనే పసుపు డబ్బా ఉంది. చెయ్యి దానంతట అదే వెళ్లిపోయింది."

"పసుపు మంచిదేగా, దానికెందుకు ఓటు కొట్టేస్తారు?" అంది ఉష, బొత్తిగా బలం లేని గొంతుతో.

"ఇంకో సెట్ ఆర్డర్ చేద్దామా అమ్మా? టైమ్ ఉంటుందేమో."

"వద్దు" అంది పద్మ వెంటనే. "ముందుది వెళ్లిపోయింది. రెండోది కూడా పంపితే దొంగ ఓటవుతుంది. నా ఓటు ఎవరో ఎత్తుకుపోయారని ఏడ్చినదాన్ని, నేనే ఆ పని చెయ్యనా?"

కాఫీ కప్పులు పోగుచేస్తూ మళ్లీ తనే అంది: "ఇప్పుడు ఆ వరసలో సున్నా పడితే, అది ఊరు వేసిన సున్నా కాదు బాబాయిగారూ. నేను వేసింది."

ఆ తరువాతి వారాల్లో రోసా రెండుమూడుసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ పసుపు సంగతి చెప్పాలనే పద్మ ఫోన్ ఎత్తేది. "నీ ఒక్కటి ఉందన్న ధైర్యంతోనే తిరుగుతున్నాను" అని రోసా అనేది. పద్మ ఒళ్లు జాగ్రత్త అని చెప్పి ఫోన్ పెట్టేసేది. ల్యాబ్‌లో సూక్ష్మజీవుల మేతలో ఉప్పు రెండుసార్లు కలిపి చీవాట్లు తింది. ఇంట్లో పసుపు డబ్బాను పై అరలోకి, అందనంత ఎత్తుకి మార్చింది. దాంతో వారంపాటు పప్పు తెల్లగా వచ్చింది.

చివరికి ఒక ఉదయం హిల్లయార్వికి ఫోన్ చేసింది. వృద్ధుల ఇంటి వంటమనిషి ఏవాకు. ఓటు వేయమని అడగడానికి కాదు. ఊళ్లో రోసా పేరు ఎవరైనా తలుచుకుంటున్నారా అని కనుక్కుందామని. పద్మ అడిగింది. అవతలినుంచి మాట లేదు. ఆ దేశంవాళ్లు మాటకూ మాటకూ మధ్య చాలా ఎడం ఇస్తారట. ఆ ఎడంలో నేను ఒక కునుకు తీసి లేచాను. ఇంకా మాట రాలేదు. చిట్టచివరికి ఏవా ఏదో నాలుగు ముక్కలంది, అంతే, ఫోన్ పెట్టేసింది.

"ఏమంది?"

"సరస్సు మీద మంచు కరిగిందంట. పడవలు దింపారంట." పద్మ ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. "మాట మార్చేసిందండీ. ఎవరికీ గుర్తులేదు."

జూన్ నెల ఆదివారం. పోలింగు ముగిసి ఫలితాలు వచ్చేవేళకు అక్కడ నడిరేయి, మాకు మధ్యాహ్నం. బయట సన్నటి జల్లు. అందరం పద్మ ఇంట్లో పోగయ్యాం. మైత్రి తన ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించింది. ఇరవై ఏడు దేశాల్లో చిట్టచివరి పెట్టె మూతపడేదాకా ఎవరూ తమ అంకెలు అధికారికంగా బయటపెట్టకూడదట. అంటే ఎక్కడో దక్షిణాన ఎండకు మాడిన ఊళ్లో ఆఖరి మనిషి ఓటేసి బయటికి వచ్చేదాకా, ఉత్తరాన మంచు దేశం ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఈ మాట విని ఉష కూడా పుస్తకంలో ముహూర్తం చూడటం మానేసింది.

తరువాత అంకెలు రావడం మొదలైంది. నేనేమేమో కథలు చెప్పాను గానీ, అలాంటిది ఊహించనైనా లేదు. ముందు ఖండం మొత్తం. మైత్రి వేలు కదిపితే ఒక దేశం. ఇంకోసారి కదిపితే ఒక ప్రాంతం. ఇంకోసారి కదిపితే ఊళ్లు. ఒక్కో ఊరికీ పేరు, ఒక్కో పేరు పక్కనా అంకె. సముద్రంలో ఎక్కడో చుక్కంత దీవి ఉంది. అక్కడ ఓటేసినవాళ్లు మా వీధిలో ఉన్నంతమంది కూడా లేరు. వాళ్లకూ ఒక వరస ఉంది. ఏ ముసలమ్మో మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వేసిన ఓటు, ఏ జాలరో వల పక్కనపెట్టి వచ్చి వేసిన ఓటు, ఇక్కడ బాతెల్‌లో గోడమీద వెలుగుతోంది. కోట్ల అంకె ఎంత పెద్దదో, ఆ చిన్న అంకె కూడా నాకు అంతే పెద్దగా కనబడింది. శ్రీధర్ రోజంతా కంప్యూటర్ల మధ్య బతికేవాడు, అతను కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నౌ రోసా ఆంటీ పేజ్" అంది మైత్రి. "ఆమెకి ఏ ఊళ్లో ఎన్ని వచ్చాయో ఉంటుంది. హెచ్‌కి వెళ్తున్నాను."

పద్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. పంపు తిప్పి, ఎప్పుడో కడిగిన గిన్నెను మళ్లీ కడగసాగింది. "నేను చూడనే. నువ్వే చెప్పు" అని కేకేసింది.

మైత్రి వరసలు కిందికి జరుపుతోంది.

"చెప్పవేం? సున్నాయేనా?"

"నాట్ జీరో, అమ్మా."

పంపు కట్టేసిన చప్పుడు. "ఒకటా?"

"థర్టీ ఎయిట్."

పద్మ తడిచేతులతో వచ్చి టీవీ ముందు నిలబడింది. "ముప్పై ఎనిమిదా? సరిగ్గా చూడు. ఇంకో హిల్లయార్వి ఉందేమో."

"ఒకటే ఉంది అమ్మా. ఐ చెక్డ్. ఊళ్లో మొత్తం ఫోర్ హండ్రెడ్ మంది వేశారు. రోసా ఆంటీ సెకండ్."

శ్రీధర్ వెళ్లి తెరకు దగ్గరగా నిలబడి చదివి, వెనక్కొచ్చి కూర్చున్నాడు. "చెల్లని ఓట్లు కూడా చూపించారు. రెండట. ఒకటి మనదే అనుకో. రెండోదానికి పసుపెవరు పెట్టారో!"

"ఉండనీండి" అంది పద్మ. ఆమె చూపు ఆ అంకె మీదనుంచి కదల్లేదు. ఉష కళ్లు ఒత్తుకుంటోంది.

ఫోన్ మోగింది. రోసా. తెరమీద గుండ్రటి ముఖం, వెనక రేవు, ఆ వేళప్పుడు కూడా పూర్తిగా చీకటి పడని ఆకాశం. దేశం మొత్తం మీద ఆమె ఓడిపోయింది. మామూలుగా కూడా కాదు, చాలా తేడాతో ఓడిపోయింది. అయినా ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. రోసా నవ్వుతోంది, ముక్కు చీదుకుంటోంది. పద్మ పసుపు సంగతి మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసింది. అది చెబుతోందని వేలితో గాల్లో నాలుగు మూలలు చూపించడంవల్ల నాకు తెలిసింది. రోసా పగలబడి నవ్వింది. తరువాత ఏవా గురించి ఏదో చెప్పింది.

"ఏమంటోందమ్మా?" అన్నాను.

"ఏవా ఇందాకే ఆమెకి ఫోన్ చేసిందంట బాబాయిగారూ. ఓటు ఎవరికేస్తావని అడగడం, నీకే వేస్తానని చెప్పుకోవడం ఆ ఊళ్లో మర్యాద కాదండీ. అందుకని పడవల గురించి చెప్పి పెట్టేసిందంట."

అప్పుడు ఇద్దరూ ఆ ముప్పై ఎనిమిది మందీ ఎవరెవరో ఊహించడం మొదలుపెట్టారు. పద్మ బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెడుతూ ఒక్కో పేరూ అంటోంది. తనను లెక్కలో వేసుకోలేదు. యూహాని ఇప్పుడు లేడు. ఆయన కూతురు, అల్లుడు. ఏవా, ఏవా మొగుడు. కిరాణా దుకాణం ఆమె. చర్చిలో వాయించే ఆయన. మంచం పట్టిన తల్లిని చూడటానికి రోజూ సైకిలు మీద వచ్చిన కొడుకు. రోసా అటునుంచి ఒక పేరు అందిస్తుంది. ఇక్కడ పద్మ అవునని తలాడించి కణుపు మారుస్తుంది. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది, మళ్లీ మొదటి చెయ్యి. ముప్పై ఒకటి దగ్గర వేలు ఆగింది.

ఇద్దరూ ఆలోచించారు. ఎంత ఆలోచించినా ఇంకో పేరు రాలేదు.

"ఇంకా ఏడుగురున్నారండీ" అంది పద్మ మా వైపు తిరిగి, గుడిలో మాట్లాడినంత మెల్లగా. "వాళ్లెవరో మా ఇద్దరికీ తెలీదు."

పద్మ బొటనవేలిని మళ్లీ చిటికెనవేలి అడుగు కణుపు మీద పెట్టి, మొదటి పేరునుంచి లెక్క ఎత్తుకుంది.